సాలెపురుగును పూలమొక్కతో పోల్చడం ఎలా: మిసుమెనా, పొద్దుతిరుగుడు జంటతో సమగ్ర మార్గదర్శి

సాలెపురుగుకు ఎనిమిది కాళ్లు, పొద్దుతిరుగుడుకు ఒక్కటీ లేదు. సాలెపురుగు వేటాడుతుంది, మొక్క ఎండను తింటుంది. ఒకటి జంతువు, ఇంకొకటి మొక్క. ఇలా రాసుకుంటూ పోతే పేజీలు నిండుతాయి గాని, చదివినవారికి కొత్తగా తెలిసేది సున్నా. రెండు పిచ్చుక జాతులను పోల్చేటప్పుడు తేడాయే వార్త. సాలెపురుగును, పూలమొక్కను పోల్చేటప్పుడు మాత్రం పోలికే వార్త. అందుకే ఈ పనికి మామూలు పాఠ్యపుస్తకాల రెండు గడుల పట్టిక సరిపోదు.

ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో అవయవానికి అవయవాన్ని ఎదురుపెట్టం. ఒకే సమస్యను రెండు జీవుల ముందు పెట్టి, ఏది ఎలా గట్టెక్కిందో అడుగుతాం. జీవశాస్త్ర ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థికైనా, ప్రకృతి పరిశీలన సరదా ఉన్నవారికైనా ఇది పనికివస్తుంది. ఉదాహరణకు తీసుకున్న జంట: పువ్వుల మీద మాటువేసే పీత సాలీడు మిసుమెనా వాటియా, పొద్దుతిరుగుడు హెలియాంథస్ ఆనువస్.

1. ముందు ప్రశ్న, ఆ తరువాతే జంట

చాలామంది జంటను ముందు ఎంచుకుని, ఆపై ఏం పోల్చాలా అని వెతుకుతారు. దీన్ని తిరగేయండి. ప్రశ్న దొరికితే జంట దానంతట అదే కుదురుతుంది.

మన ప్రశ్న ఇది: కూర్చున్న చోటు నుంచి పెద్దగా కదలకుండా, ఎగిరే పురుగును తన దగ్గరికి రప్పించుకోవలసిన జీవి ఎలా బతుకుతుంది? మిసుమెనా వేటకు గూడు అల్లదు. పువ్వు మీద ముందరి రెండు జతల పొడవాటి కాళ్లు చాచి, తేనెటీగ వాలేదాకా కూర్చుంటుంది. పొద్దుతిరుగుడు కూడా అదే తేనెటీగ కోసం చూస్తుంది. ఒకదానికి కావలసింది ఈగ ప్రాణం, మరొకదానికి కావలసింది ఈగ ఒంటి మీద పుప్పొడికి చోటు. ఎదురుచూపు ఒకటే, కోరిక వేరు. పోల్చడానికి ఇంతకన్నా మంచి మొదలు అక్కరలేదు.

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయలేకపోతే పని మొదలుపెట్టకండి. "సాలెపురుగుకూ మొక్కకూ మధ్య తేడాలు రాయుము" అన్నది ప్రశ్న కాదు, శిక్ష.

2. పేరును సరిగ్గా పట్టుకోవడం

"సాలెపురుగు" అంటే 50,000కు పైగా జాతులు. "పూలమొక్క" అంటే దాదాపు 3 లక్షలు. జాతి స్థాయికి దిగకపోతే మీరు రాసే ప్రతి వాక్యానికీ ఎక్కడో ఒక మినహాయింపు ఉంటుంది. అందుకని శాస్త్రీయ నామంతో మొదలుపెట్టండి. ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది: ఈ రెండు పేర్లూ రెండు వేర్వేరు నియమావళుల కింద పుట్టాయి.

మొక్కల పేర్లకు ఆరంభ సంవత్సరం 1753. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఆ ఏడాది ప్రచురించిన గ్రంథంలోనే హెలియాంథస్ ఆనువస్ కనిపిస్తుంది. అందుకే పేరు చివర ఆయన పేరుకు గుర్తుగా ఒక్క అక్షరం ఉంటుంది. జంతువుల పేర్లకు ఆరంభం 1758. ఒక్క సాలెపురుగులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. స్వీడన్‌కు చెందిన కార్ల్ క్లర్క్ 1757లోనే సాలెపురుగుల మీద పుస్తకం వేశాడు. దాన్ని వదులుకోవడం ఇష్టంలేక, జంతు నామకరణ నియమావళి దాన్ని 1758 జనవరి 1న వెలువడినట్టే పరిగణిస్తుంది. పైగా లిన్నేయస్ పేర్లకన్నా దానిలోని పేర్లకే ముందువరస ఇస్తుంది. మిసుమెనా వాటియాకు వాటియా అన్న పేరు ఆ పుస్తకం నుంచే వచ్చింది. క్లర్క్ దాన్ని వేరే ప్రజాతిలో (దగ్గరి జాతుల సమూహంలో) పెట్టాడు కాబట్టి, నేడు ఆయన పేరును, 1757 అన్న ఏడాదిని కుండలీకరణాలలో రాస్తారు.

రెండు నియమావళులూ ఒకదాన్నొకటి పట్టించుకోవు. జంతువులలో ప్రజాతి పేరునే జాతి పేరుగా మళ్లీ వాడవచ్చు, గొరిల్లా గొరిల్లా అన్నట్టు. మొక్కలలో అది నిషిద్ధం. ఒకే పేరు అటూ ఇటూ ఉండటానికి మాత్రం అభ్యంతరం లేదు: ఫైకస్ అంటే మర్రి, రావి ఉన్న మొక్కల ప్రజాతి, అదే పేరుతో సముద్రపు నత్తల ప్రజాతి కూడా ఉంది. కాబట్టి అంతర్జాలంలో వెతికేటప్పుడు ప్రజాతి పేరు ఒక్కటే కొట్టి దొరికినదాన్ని నమ్మకండి.

వర్గీకరణను కూడా రాసుకోండి. మిసుమెనా: ఆర్థ్రోపొడా, అరాక్నిడా, అరేనియే, థామిసిడే కుటుంబం. పొద్దుతిరుగుడు: ఆవృతబీజాలు (పూలమొక్కలు), ఆస్టరేలిస్, ఆస్టరేసి కుటుంబం. ఈ మెట్లను పక్కపక్కన పెట్టి "రెండూ కుటుంబాలే కదా" అనుకోవడం పొరపాటు. కుటుంబం అన్నది మనుషులు గీసిన గీత. థామిసిడేలో రెండు వేల పైచిలుకు జాతులుంటే ఆస్టరేసిలో వాటికి పది రెట్లకు మించి ఉన్నాయి. వాటి వయసు కూడా ఒకటి కాదు. మెట్టు పేరు కలిసినంత మాత్రాన కొలత కలవదు.

3. ఏ ప్రాణి? ఏ దశలో?

జాతి తేలాక కూడా పని మిగిలే ఉంటుంది. మిసుమెనా ఆడది శరీరం పొడవులో దాదాపు 10 మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది, మగది అందులో సగం కూడా ఉండదు. తెలుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి తెలుపుకు రంగు మార్చేది ఆడదే. మగది వేరే రంగులో, సన్నగా, ఇది అదేనా అనిపించేలా ఉంటుంది. "మిసుమెనా రంగు మారుస్తుంది" అని రాసే ముందు "ఎదిగిన ఆడ మిసుమెనా" అని రాయాలి.

పొద్దుతిరుగుడు విషయంలో అడగవలసింది: అడవిదా, సాగుదా? ఉత్తర అమెరికాలో పుట్టిన ఈ మొక్కను అక్కడివారు 4,000 ఏళ్లకు పూర్వమే సాగులోకి తెచ్చారు. అడవి మొక్కకు కొమ్మలెక్కువ, చిన్న చిన్న తలలు (పువ్వుగా కనిపించే భాగాలు) చాలా ఉంటాయి. సాగు మొక్కకు సాధారణంగా ఒకే కాండం, దాని కొసన ఒకే పెద్ద తల. అడవి మొక్క తన పుప్పొడితో తానే విత్తనం కట్టలేదు, సాగు రకాల్లో చాలావాటికి ఆ అడ్డు సడలిపోయింది. తేనెటీగ మీద ఎంత ఆధారపడుతుంది అన్న మన ప్రశ్నకు ఈ ఒక్క తేడాతో జవాబే మారిపోతుంది. మిసుమెనాను ఎవరూ సాగు చేయలేదు కాబట్టి న్యాయమైన జోడీ అడవి పొద్దుతిరుగుడే. ఉత్తర అమెరికాలో ఈ రెంటి సహజ ఆవాసాలు కలుస్తాయి కూడా. మిసుమెనా ఐరోపాలోనూ ఉంది.

4. బంధుత్వం ఎంత దూరమో తేల్చుకోవడం

మొక్కలకూ జంతువులకూ ఉమ్మడి పూర్వీకుడు ఒక ఏకకణజీవి. వంద కోట్ల ఏళ్లకు ఎంతో ముందే ఆ రెండు దారులూ విడిపోయాయి. ఆ జీవికి కాళ్లు లేవు, ఆకులు లేవు, కళ్లు లేవు, అసలు అది బహుకణజీవే కాదు. అంటే ఒక దేహంలో లక్షల కణాలు కలిసి పనిచేయడం అన్నది కూడా రెండు వంశాలలో విడివిడిగా పుట్టింది. ఇంకో విడ్డూరం: శిలీంధ్రాలు మొక్కలకన్నా జంతువులకే దగ్గర చుట్టాలు. సాలెపురుగుకు పొద్దుతిరుగుడు కన్నా పుట్టగొడుగు దగ్గర.

దీనివల్ల పోలికలో ఒక ఖచ్చితమైన గీత గీయవచ్చు. కణం లోపల కనిపించే సామ్యాలు చాలావరకు వారసత్వం: కేంద్రకం, మైటోకాండ్రియా, రైబోసోములు, డీఎన్‌ఏ, ఆ డీఎన్‌ఏను ప్రోటీనుగా చదివే సంకేతలిపి. కణం దాటి బయటికి వచ్చాక కనిపించే సామ్యం ఏదైనా విడివిడిగా పుట్టిందే. అవయవాల స్థాయిలో ఈ జంటకు నిర్మాణసామ్యం (ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన పోలిక) అన్నది లేదు, ఉన్నదంతా క్రియాసామ్యమే (విడివిడిగా పుట్టి, పనిలో మాత్రం కలిసే పోలిక). హరితరేణువు మొక్క వంశంలో తరువాత చేరింది, ఒకప్పుడు స్వేచ్ఛగా బతికిన సయనోబాక్టీరియా వారసురాలిగా.

కాలక్రమాన్ని కూడా ఒక మూల రాసుకోండి. సాలెపురుగుల శిలాజాలు సుమారు 30 కోట్ల ఏళ్ల నాటివి దొరికాయి. పువ్వుల స్పష్టమైన శిలాజాలు 13 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ మొదలవుతాయి. పువ్వు మీద మాటువేయడం సాలెపురుగుల చరిత్రలో ఆలస్యంగా వచ్చిన వృత్తి.

5. నాలుగు నిలువు గడులు

కాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి. మొదటిదానిలో సమస్య, రెండోదానిలో సాలెపురుగు జవాబు, మూడోదానిలో మొక్క జవాబు. నాలుగోదానిలో ఆ సామ్యం ఏ రకానిదో రాయండి: వారసత్వమా, విడివిడిగా పుట్టినదా, పైపై పోలికా? ఈ నాలుగో గడి నింపలేని వరుసను కొట్టేయండి. ఎంత బాగున్నా సరే.

ఉదాహరణకు "రెండింటికీ వెంట్రుకలుంటాయి" అన్న వరుస. మిసుమెనా కాళ్ల మీద గాలి కదలికను పసిగట్టే సన్నని రోమాలున్నాయి. పొద్దుతిరుగుడు కాండం మీద గరుకు నూగు ఉంది. మొదటివి నాడులతో ముడిపడిన జ్ఞానేంద్రియాలు, రెండోవి బాహ్యచర్మ కణాల పొడిగింపులు. చేసే పనీ వేరు, పుట్టుకా వేరు. ఇది పైపై పోలిక. ఉంచితే పట్టిక పొడవు పెరుగుతుంది, అంతకుమించి లాభం లేదు.

6. వరుసలు నింపడం

అన్ని సమస్యలకూ ఒకే చోటు ఇవ్వకండి. ఈ జంటలో బాగా పండే వరుసలు కొన్నే ఉన్నాయి, వాటి మీదే నిలవండి.

నిలబడటం, కదలడం. నా దృష్టిలో ఈ జంట మొత్తంలో అన్నిటికన్నా అందమైన వరుస ఇదే. సాలెపురుగు కాలిలో రెండు ముఖ్యమైన కీళ్లకు చాచే కండరాలు లేవు, ముడిచే కండరాలే ఉన్నాయి. కాలు చాచాలంటే శిరోవక్షంలోని (తల, ఛాతీ కలిసిన ముందు భాగంలోని) కండరాలు నొక్కుకుని, దేహద్రవాన్ని కాళ్లలోకి తోయాలి. చచ్చిన సాలెపురుగు కాళ్లు లోపలికి ముడుచుకుపోయేది అందుకే: ఒత్తిడి పోయింది, ముడిచే కండరాలదే పైచేయి. ఇటు పొద్దుతిరుగుడు ఆకు నిటారుగా నిలిచేది కూడా ద్రవపు ఒత్తిడితోనే. కణంలోకి ద్రవాభిసరణతో నీరు చేరి, కణకవచాన్ని లోపలి నుంచి నెడుతుంది. నీరు తగ్గితే ఆకు వాలిపోతుంది. వాడిన ఆకు, ముడుచుకున్న కాలు రెండూ ఒకే భౌతికశాస్త్రం. తేడా ఒత్తిడి పుట్టే చోటులో ఉంది: ఒకచోట కండరం, క్షణాల్లో పని. మరొకచోట లవణాల గాఢత, నింపాదిగా పని. నాలుగో గడిలో "విడివిడిగా పుట్టినది" అని ధైర్యంగా రాయవచ్చు.

ఇదే వరుసలో ఒక హెచ్చరిక. లేత పొద్దుతిరుగుడు సూర్యుడి వెంట తిరగడం ఈ నీటి ఒత్తిడి హెచ్చుతగ్గుల వల్ల జరగదు. పగలు కాండం తూర్పు వైపు ఎక్కువ పెరిగి తల పడమటికి వంగుతుంది. రాత్రి పడమటి వైపు ఎక్కువ పెరిగి మళ్లీ తూర్పుకు చేరుతుంది. దీని వెనుక మొక్క లోపలి గడియారం ఉందని 2016లో ప్రచురితమైన పరిశోధన చూపింది. పెరుగుదల ఆగాక తిరగడమూ ఆగుతుంది, విచ్చిన తల తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. పొద్దున్నే ఎండకు వెచ్చబడిన తలల మీదికి, పడమటికి తిప్పి పెట్టినవాటికన్నా ఐదు రెట్ల దాకా ఎక్కువ పురుగులు వచ్చాయని అదే పరిశోధన చెప్పింది. అంటే మొక్క కూడా మాటుకు దిక్కు చూసుకుని కూర్చుంటుంది.

దేహానికి కవచం. సాలెపురుగు పైపొరలో కైటిన్, మొక్క కణకవచంలో సెల్యులోజ్. పేర్లు వేరైనా రెండూ చక్కెర అణువుల పొడవాటి గొలుసులు, లంకె వేసిన తీరు కూడా ఒకటే. కైటిన్ గొలుసులోని ప్రతి చక్కెరకూ నైట్రోజన్ ఉన్న ఒక చిన్న సమూహం అదనంగా తగిలి ఉంటుంది, అంతే. కానీ కైటిన్ కవచం దేహం మొత్తానికీ బయట ఒక తొడుగు. పెరగాలంటే దాన్ని కుబుసంలా విడవాల్సిందే. సెల్యులోజ్ కవచం ప్రతి కణానికీ విడిగా ఉంటుంది, కణంతోపాటు సాగుతుంది. మొక్క పాత కవచాన్ని విడవకుండా కొసల్లో కొత్త కణాలను చేర్చుకుంటూ పోతుంది.

తిండి. దీన్ని త్వరగా ముగించండి, అందరికీ తెలిసినదే. ఒక్క వివరం మాత్రం చేర్చదగినది: మిసుమెనా తన వేటను నమలదు. విషంతో పడగొట్టి, జీర్ణరసాలు లోపలికి పంపి, ద్రవాన్ని పీల్చుకుంటుంది. మిగిలే తేనెటీగ డొల్ల చూడటానికి చెక్కుచెదరనట్టే ఉంటుంది. పువ్వు మీద కదలకుండా ఉన్న ఈగ కనిపిస్తే దాని కింద చూడండి.

రంగు. ఇక్కడ కొంచెం నిలవాలి, ఎందుకంటే అందరూ జారేది ఇక్కడే. పసుపు పువ్వు మీద పసుపు సాలెపురుగు కనిపించగానే "ఒకే రంగు" అని రాసేస్తారు. పొద్దుతిరుగుడు రేకుల పసుపు కెరోటినాయిడ్ల వల్ల వస్తుంది. మిసుమెనా పసుపు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారయ్యే వేరే వర్ణకాల కుటుంబానిది. తెలుపుగా ఉన్నప్పుడు ఆ తెలుపు గ్వానిన్ స్ఫటికాలది, పారదర్శకమైన పైపొర గుండా కనిపిస్తుంది. గ్వానిన్ సాలెపురుగులు విసర్జించే నైట్రోజన్ వ్యర్థం. అదే గ్వానిన్ పొద్దుతిరుగుడు డీఎన్‌ఏలోనూ నాలుగు అక్షరాల్లో ఒకటి. ఒకే అణువు ఒకచోట లిపి, మరోచోట సున్నం. మార్పుకు పట్టే కాలం కూడా రాయండి: తెలుపు నుంచి పసుపుకు 10 నుంచి 25 రోజులు, ఎందుకంటే వర్ణకాన్ని తయారుచేయాలి. వెనక్కి రావడానికి సుమారు 6 రోజులు.

పైగా మన కన్ను ఇక్కడ న్యాయనిర్ణేత కాదు. తేనెటీగకు ఎరుపు కనిపించదు, అతినీలలోహితం కనిపిస్తుంది. మనకు ఏకరంగుగా కనిపించే పొద్దుతిరుగుడు తల అతినీలలోహితంలో నడుమ నల్లటి వలయంతో గురిచక్రంలా ఉంటుంది. అడవి పొద్దుతిరుగుళ్లలో ఈ వలయం పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారుతుందని, పొడి వాతావరణంలో పెద్దదిగా ఉంటుందని, దానికి కారణమైన పదార్థాలు నీటి నష్టంతోనూ ముడిపడి ఉన్నాయని 2022లో ఒక పరిశోధన తేల్చింది. అంటే పువ్వు రంగంతా పురుగు కోసమే అనుకోవడమూ తొందరపాటే. సాలెపురుగు రంగు విషయంలోనూ అంతే. రంగు కలిస్తే వేట ఎక్కువ పడుతుందని అందరూ అనుకుంటారు. మిసుమెనా మీదే 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో రంగు కలవడానికీ వేట విజయానికీ ఆశించిన సంబంధం కనిపించలేదు. మరి ఆస్ట్రేలియాలోని థామిసస్ స్పెక్టాబిలిస్ అనే పీత సాలీడు తెల్ల పువ్వు మీద అతినీలలోహితాన్ని వెదజల్లి తేనెటీగలను ఇంకా ఆకర్షిస్తుందని 2003లో తేలింది. అక్కడ సాలెపురుగు దాక్కోవడం మానేసి పువ్వు పనే చేస్తోంది. "మభ్యపెట్టే రంగు" అని ఒక్క మాటలో తేల్చేయాలనిపించినప్పుడు ఈ రెంటినీ గుర్తుచేసుకోండి.

సంతానం. మగ సాలెపురుగుకు శుక్రకణాలు పుట్టేది ఉదరం కింద, వాటిని ఆడదానికి అందించేది మాత్రం నోటి పక్కనున్న పెడిపాల్పులు అనే కాళ్లలాంటి చిన్న జత. మధ్యలో ఒక చిన్న పట్టు పీట అల్లి, దాని మీద బిందువు వదిలి, పెడిపాల్పులలోకి పీల్చుకుని బయలుదేరుతుంది. పొద్దుతిరుగుడు కూడా పుప్పొడిని నేరుగా అందించదు, బయటి రవాణా మీద ఆధారపడుతుంది. ఒకటి సొంత పాత్రలో మోసుకెళ్తుంది, ఇంకొకటి తేనెటీగ ఒంటికి అంటిస్తుంది. అయితే ఇక్కడ సరిసమానం చేయకూడని చోటు ఒకటుంది: పుప్పొడి రేణువు శుక్రకణం కాదు. అది రెండు మూడు కణాల బుల్లి మగ మొక్క, దాని లోపల శుక్రకణాలుంటాయి. జంతువులలో ఈ మధ్య తరం లేదు. పుప్పొడిని శుక్రకణంతో జోడించిన పట్టిక ఎక్కడ కనిపించినా అనుమానించండి.

పువ్వు అన్న మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. పొద్దుతిరుగుడు "పువ్వు" ఒక పుష్పవిన్యాసం, అంటే చాలా చిన్న పువ్వుల (పుష్పకాల) గుత్తి. అంచున రేకుల్లా కనిపించేవి విత్తనం కట్టని కిరణ పుష్పకాలు, నడుమ ఉన్నవి వందల బింబ పుష్పకాలు. అవి అంచు నుంచి లోపలికి రోజుకు కొన్ని వరుసల చొప్పున విచ్చుకుంటాయి. ఒక్కో పుష్పకం ముందు పుప్పొడి ఇస్తుంది, ఆ తరువాత పుప్పొడిని అందుకునే కీలాగ్రం బయటపెడుతుంది. గింజ అని మనం ఒలుచుకునేది నిజానికి ఒక్కో పుష్పకం నుంచి వచ్చిన ఫలం.

ఒక్కసారి కాపు. అడవి పొద్దుతిరుగుడు ఏకవార్షికం, విత్తనం కట్టాక చచ్చిపోతుంది. మిసుమెనా ఆడది సాధారణంగా ఒకే ఒక గుడ్ల సంచి పెడుతుంది. ఆకును మడిచి, పట్టుతో కుట్టి, దాని కాపలాలోనే చివరి రోజులు గడుపుతుంది. ఇద్దరిదీ ఒకే పందెం, ఒకే సారి. కానీ మొక్క విత్తనంలో ముందే నూనె నింపి పెడుతుంది, కాపలా కాయదు. సాలెపురుగు గుడ్డులో సొన పెట్టి, పైగా కాపలా కూడా కాస్తుంది. విడిపోయేటప్పుడు పిల్ల సాలెపురుగులు పట్టుపోగు వదిలి గాలిలో తేలిపోతాయి. పొద్దుతిరుగుడు గింజకు గాలిలో తేలే సాధనం లేదు, పక్షులూ చిన్న జంతువులూ చెదరగొట్టాలి. కదిలే జంతువు, కదలని మొక్క అన్న నానుడి ఇక్కడ వింతగా తిరగబడుతుంది: మిసుమెనా తన ప్రయాణాల్లో పెద్దదాన్ని పసితనంలోనే, ఎటు పోతున్నదీ తనకు తెలియకుండా, గాలి మీద చేసేస్తుంది.

7. కొలిచేటప్పుడు

పొడవుకు పొడవు పోల్చకండి, 10 మిల్లీమీటర్లకూ రెండు మీటర్లకూ నిష్పత్తి కట్టి ప్రయోజనం లేదు. పోల్చదగినది దామాషా: దేహం ఎండు బరువులో సంతానానికి పోయిన వాటా ఎంత? ఎండు బరువే ఎందుకంటే పచ్చి బరువులో నీటి పాలు గంట గంటకూ మారుతుంది. క్రోమోజోముల సంఖ్య, జన్యుసముదాయం పరిమాణం పట్టికలో పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. పొద్దుతిరుగుడుకు 34 క్రోమోజోములు, సుమారు 360 కోట్ల బేస్ జతలు (డీఎన్‌ఏ అక్షరాల జతలు). బేస్ జతలు మనిషికన్నా ఎక్కువే. దాన్నిబట్టి అది మనకన్నా సంక్లిష్టమని ఎవరూ అనరు కదా, మరి సాలెపురుగు పక్కన పెట్టి ఏం తేలుస్తారు? వదిలేయండి.

"ఒక ప్రాణి" అన్న లెక్క కూడా కుదరదు. సాలెపురుగు ఒక కాలు పోగొట్టుకుంటే లోపంతో ఉన్న సాలెపురుగు. కొమ్మలున్న పొద్దుతిరుగుడు ఒక తల పోగొట్టుకుంటే ఒక తల తక్కువైన పొద్దుతిరుగుడు, అంతే. మొక్క ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ చేర్చుకుంటూ కట్టుకున్న దేహం. అందుకే లెక్కపెట్టేటప్పుడు మొక్క వైపు ప్రమాణంగా తలను తీసుకోండి, మొక్కను కాదు.

8. పువ్వు దగ్గర నిలబడి చూడటం

చదివి నింపిన గడులను కళ్లతో సరిచూసుకోవాలంటే తోటలో చేయగలిగిన పరిశీలన ఒకటుంది: సాలెపురుగు ఉన్న తలకూ లేని తలకూ పురుగుల రాకలో తేడా ఎంత? మీ దగ్గర మిసుమెనా లేకపోయినా పీత సాలీళ్లు ఏవైనా సరే, పసుపు పువ్వున్న మొక్క ఏదైనా సరే. జాతి పేరు మాత్రం నిజంగా ఉన్నదే రాయండి.

ఒకే వయసులో విచ్చిన, ఒకే దిక్కుకు ఉన్న తలలను జంటలుగా ఎంచుకోండి. ఒక్కోదాని దగ్గర పది నిమిషాలు నిలిచి, వాలిన పురుగులను, వాలబోయి తప్పుకున్నవాటిని విడివిడిగా లెక్కపెట్టండి. తప్పుకున్నవాటిని లెక్కపెట్టకపోతే కథలో సగం పోతుంది. మీ నీడ పువ్వు మీద పడనివ్వకండి.

అసలు ఉచ్చు ఇప్పుడు వస్తుంది. సాలెపురుగు తనకు తానుగా కూర్చున్న పువ్వునూ, ఖాళీ పువ్వునూ పోల్చితే జవాబు తప్పుతుంది. ఎందుకంటే పురుగులు ఎక్కువగా వచ్చే పువ్వునే అది వెతుక్కుని కూర్చుని ఉండవచ్చు. అప్పుడు "సాలెపురుగు ఉన్నచోటే పురుగులు ఎక్కువ" అని తేలుతుంది, కారణం తలకిందులుగా ఉన్నా. దీనికి మందు ఒకటే: జంటలో ఏ తల మీద సాలెపురుగు ఉండాలో నాణెం ఎగరేసి నిర్ణయించి, మెత్తని కుంచెతో దాన్ని అక్కడికి మార్చి, అది కుదురుకున్నాక లెక్క మొదలుపెట్టండి. రెండో తలను కూడా అదే కుంచెతో ఊరికే తాకండి, తాకిడి ప్రభావం రెండువైపులా సమానమవుతుంది.

ఫలితం ఎటు వచ్చినా "సాలెపురుగు మొక్కకు శత్రువు" అని రాయకండి. అది తినేది మేలు చేసే తేనెటీగలనే కాదు, పువ్వును తినే పురుగులనూ. థామిసస్ ఓనుస్టస్ అనే పీత సాలీడు, బిస్కుటెల్లా లేవిగాటా అనే పూలమొక్క మీద 2018లో ప్రచురితమైన పరిశోధనలో, తేనెటీగలను పిలిచే పువ్వు వాసనే సాలెపురుగునూ పిలుస్తుందని, పువ్వులు తినే పురుగులు పట్టిన మొక్కలకు సాలెపురుగు ఉండటం లాభమేనని తేలింది.

9. ప్రతి వాక్యానికీ మట్టం సరిచూడటం

రాసిన తరువాత ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి అడగండి: ఇది ఈ జాతి గురించి నిజమా, కుటుంబం గురించా, మొత్తం సమూహం గురించా? "సాలెపురుగు గూడుతో వేటాడుతుంది" మిసుమెనా విషయంలో అబద్ధం. "సాలెపురుగు పట్టు తీస్తుంది" నిజం. "పొద్దుతిరుగుడు సూర్యుడి వెంట తిరుగుతుంది" లేత మొక్కకు నిజం, ముదిరిన తలకు అబద్ధం. "జంతువు మొక్కలా ఆహారం తయారుచేసుకోలేదు" మిసుమెనాకు నిజం, కానీ జంతువులన్నిటి తరఫున రాయాల్సిన పని మీకు లేదు.

ఆ తరువాత క్రియాపదాలు చూడండి. "మొక్క ఈగను మోసం చేస్తుంది", "సాలెపురుగు రంగు ఎంచుకుంటుంది" లాంటి వాక్యాలు చదవడానికి బాగుంటాయి. నేనూ ఇక్కడ "ఎదురుచూపు", "పందెం" అన్న మాటలు వాడాను. వ్యాసంలో ఫరవాలేదు. పట్టికలో మాత్రం "ఏం జరుగుతుంది" అన్నదే ఉండాలి, "ఏం కోరుకుంటుంది" అన్నది ఉండకూడదు. సాలెపురుగుకు మెదడుంది కాబట్టి దానికి కోరికలు అంటగట్టడం సబబు, మొక్కకు లేదు కాబట్టి తప్పు అన్న వాదన కూడా ఈ పట్టికకు అనవసరం. ఇద్దరికీ ఒకే నియమం పెట్టండి.

10. ఇదే పద్ధతితో ఇంకో జంట

పై పనంతా ఒకసారి చేతికి వచ్చాక కష్టమైన జంటకు వెళ్లండి: బఘీరా కిప్లింగి, వాచెల్లియా కోలిన్సీ. మధ్య అమెరికాలో, మెక్సికోలో ఉండే ఈ గెంతే సాలెపురుగు ప్రధానంగా తుమ్మజాతి మొక్క ఆకుల కొసలను తింటుంది. ఆ కొసలు మొక్క తనను కాపాడే చీమల కోసం తయారుచేసే ప్రోటీను ముద్దలు. మెక్సికోలో దీని ఆహారంలో 90 శాతానికి పైగా ఆ ముద్దలేనని, కోస్టారికాలో ఆ వాటా సుమారు 60 శాతమని 2009లో ప్రచురించారు. ఇక్కడ మొదటి ప్రశ్నే మారిపోతుంది. ఇద్దరూ ఒకే పురుగు కోసం కూర్చోవడం లేదు. ఒకరు పెట్టే జీతాన్ని, కాపలా కాయకుండానే ఇంకొకరు చీమల కన్నుగప్పి తీసుకుంటున్నారు. కాబట్టి మొదటి గడిలో "పురుగును రప్పించుకోవడం" కొట్టేసి, "చీమలతో నెగ్గుకురావడం" అని రాసుకుని, రెండో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మొక్క వైపు చీమకు ఇల్లు, తిండి. సాలెపురుగు వైపు చురుకైన కళ్లు, గెంతు, చీమలు తక్కువ తిరిగే ముదురు ఆకుల మీద మకాం. మూడో గడి, నాలుగో గడి నింపేటప్పుడు ఈసారి చీమకు కూడా ఒక గడి కావాలనిపిస్తుంది. ఇవ్వండి.